రెండో బ్రేకు లేని పుస్తకాలు

ఊళ్ళో ఆయన్ని బ్రేకు మాస్టారు అంటారు. ఎదురుగా అనరు, అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు ఆయన మీద కోపమేమీ లేదు, పైగా గౌరవం. డ్రైవింగు నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాడు తొక్కడానికి. మామూలు మాస్టార్లు దాన్ని ప్రాణం మీదకు వస్తే తప్ప ముట్టుకోరు. మన మాస్టారు అలా కాదు. దూరంగా సందు చివర ఒక సైకిలు చక్రం కనిపిస్తే చాలు, ఆయన కాలు దిగిపోతుంది. అందుకే ఇన్నేళ్ళలో ఆయన కారు మీద ఒక్క గీత పడలేదు. ఆ సంగతి ఆయన అడిగినవాళ్ళకూ చెబుతాడు, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెబుతాడు.

కారు దిగాక కూడా ఆ కాలు డ్యూటీ దిగదు. సినిమా హాల్లో తెర మీద ఎవరైనా మెట్ల మీద నుంచి పరుగున వస్తుంటే ఈయన పాదం ముందు సీటును తన్నుతుంది. ఇంట్లో భార్య పాలు పొయ్యి మీద పెట్టి అటు తిరిగితే, ఇటు కుర్చీలో ఈయన మడమ నేలకు అతుక్కుంటుంది. "మీరు తొక్కినంతమాత్రాన పాలు పొంగకుండా ఆగుతాయా? నేలంతా గుంటలు పడుతోంది, ఇంటాయన చూస్తే మన సామాను వీధిలో పెడతాడు" అంటుంది ఆవిడ. బట్టల దుకాణంలో పొడుగులు తగ్గించి, నడుములు పెంచే పని ఆవిడది. కత్తెర ఎంత పదునో నోరూ అంతే.

వాళ్ళకు ఒక్కతే కూతురు. స్కూల్లో పన్నెండో తరగతి పూర్తికావస్తోంది. పద్దెనిమిది నిండగానే తండ్రి దగ్గర కారు నేర్చుకుంది. చక్కగా నేర్చుకుందని మాస్టారే చెప్పాడు, ఆయన ఒకర్ని మెచ్చుకోవడమంటే మాటలు కాదు. అలాంటి పిల్ల పరీక్షకు వెళ్ళి ఫెయిలయింది. రెండోసారి వెళ్ళి మళ్ళీ ఫెయిలయింది. పరీక్షలో తండ్రి స్థానంలో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు. ఆయన తన వైపు బ్రేకు ముట్టుకున్నాడంటే పరీక్ష అక్కడితో సరి. రెండుసార్లూ అదే జరిగింది. ఏదో అడ్డం వచ్చింది, కనిపించింది, అయినా అమ్మాయి కాలు లేవలేదు.

రెండోసారి ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఏడవలేదు, చెప్పులు కూడా విసరలేదు. నిదానంగా మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, అప్పుడు చెప్పింది.

"నాకు బ్రేకు వెయ్యడం రాదు నాన్నా."

"అదేం మాట? నేను నేర్పలేదూ?"

"నేర్పావు. వెయ్యనివ్వలేదు. నేను కాలు ఎత్తేలోపే బండి ఆగిపోయేది. కొన్నాళ్ళు అసలు కార్లు వాటంతట అవే ఆగుతాయనుకున్నాను."

"నీ మంచికేగా తొక్కింది?"

"అవును. అందుకే ఫెయిలయ్యాను. స్కూలు పరీక్షలయ్యాక ఎదురు వీధిలో చేరతాను. నీ పక్కన కూర్చుని ఇంక నడపను."

ఎదురు వీధిలో ఇంకో డ్రైవింగు స్కూలు ఉంది. నడిపేవాడు ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. పిల్లలు బండి నడుపుతుంటే పక్కన కూర్చుని ఫోను చూసుకుంటాడని వాడికి పేరు. మాస్టారి సొంత కూతురు వాడి కారులో ఊరంతా తిరిగితే మాస్టారి పరువు ఏ గంగలో కలుస్తుందో ఆయనకు తెలుసు. కానీ ఆయన్ని ఎక్కువ నొప్పించింది ఆ మాట కాదు, చివరి మాట. నీ పక్కన నడపను. ఆ మాట ఆయన మింగలేకపోయాడు, కక్కలేకపోయాడు. కూతురు ఆ రోజు నుంచి ఆయనతో అవసరమైనంత మాత్రమే మాట్లాడింది. ఉప్పందుకో, తలుపు వెయ్యి, అమ్మ పిలుస్తోంది, ఇవే మాటలు.

అలాంటి రోజుల్లో ఆయన కారు వెనక సీట్లో ఒక పుస్తకం దొరికింది.

ఆ పూట ఒక బేకరీ అతనికి పాఠం ఉంది. పొయ్యిలో సరుకు ఇంకా దింపలేదు, కాస్త ఆలస్యమవుతుందని అతను దుకాణం లోపలి నుంచే చెయ్యి ఊపాడు. మాస్టారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. అద్దాలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. వెనక సీటు దులపబోతే పుస్తకం తగిలింది. అట్ట మీద నది, పడవ, జుట్టు చెదిరిన ఒక అమ్మాయి. లోపల ఎవరి పేరైనా రాసి ఉందేమోనని తెరిచాడు. పేరు లేదు. మొదటి పేజీలో ఆ అమ్మాయి వాళ్ళ తాత చచ్చిపోయి, పాత పడవ ఒకటి వదిలిపెట్టాడని ఉంది. ఆ పడవకు అడుగున చిల్లు. చిల్లంటే మాస్టారికి ఆసక్తి. ఎలా పూడుస్తుందో చూద్దామని పేజీ తిప్పాడు.

బడి వదిలాక ఆయన చదివినవి రెండే, దినపత్రికా, రోడ్డు నిబంధనల పుస్తకమూ. కథలంటే పనిలేనివాళ్ళ పని అనుకునేవాడు. అలాంటివాడు బేకరీ అతను వచ్చి కిటికీ మీద తట్టేదాకా తలెత్తలేదు. అప్పటికి ఆ పిల్ల పడవకు తారు పూస్తోంది.

పుస్తకం ఎవరిదో ఆయన ఊహించాడు. ముందు పాఠం పళ్ళ డాక్టరుగారిది. నలభై దాటాక కారు నేర్చుకుంటున్న మనిషి. ఎంతటి దవడ పన్నయినా తొణక్కుండా లాగే ఆవిడకు స్టీరింగు పట్టుకుంటే చేతులు చెమటలు పడతాయి. మర్నాడు ఆవిడ రాగానే మాస్టారు పుస్తకం తీసి ఇచ్చాడు.

"మీ పాప పుస్తకం కారులో వదిలేశారండీ."

"పాప ఎక్కడిది మాస్టారూ? ఇంట్లో నేనూ, మా ఆయనా, ఒక చేపల తొట్టి. అది నా పుస్తకమే."

మాస్టారు పుస్తకం వైపూ, ఆవిడ నెరిసిన పాపిట వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇది కుర్రపిల్లలదండీ. వెనక రాసుంది."

"ఇన్నేళ్ళ నుంచి చదవచ్చని రాసుంది గానీ, ఇన్నేళ్ళు దాటితే చదవకూడదని లేదుగా? పొద్దస్తమానం నోళ్ళలోకి చూసే ఉద్యోగం నాది. సాయంత్రానికి కాస్త పరిగెత్తే మనుషులు కావాలనిపిస్తుంది. పెద్దవాళ్ళ నవలల్లో ఎవరూ పరిగెత్తరు, అందరూ కిటికీ దగ్గర నిలబడతారు. మీరు చదివారా?"

"అబ్బే, లేదండీ" అన్నాడు మాస్టారు. నాలుక కరుచుకుని, "తారు పూసేదాకా" అన్నాడు.

"ఇంకా నీళ్ళలో దించలేదన్నమాట! అయితే నాకెందుకిస్తున్నారు, ఉంచండి."

ఆ సాయంత్రం, పాఠాలకూ పాఠాలకూ మధ్య, పార్కు పక్కన చెట్టు నీడలో కారు ఆపుకుని మాస్టారు మిగతాది చదివాడు. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పడవను నీళ్ళలోకి తోసేచోట ఆయన కాలు టక్కున బ్రేకు మీద పడింది. నది ఉరవడి మీద ఉంది, పిల్లకు ఈత అంతంతమాత్రం, పైగా చీకటి పడుతోంది. మాస్టారు ఇంకా గట్టిగా తొక్కాడు. కారు ఎప్పటి నుంచో ఆగే ఉంది. పడవ మాత్రం వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన తొక్కాక ఆగనిది అదొక్కటే. పుస్తకం మూసేస్తే ఆగుతుందేమోనని మూశాడు. మూసినా ఆ పిల్ల లోపల వెళుతూనే ఉందనిపించి, ఆ బాధ కన్నా చదవడమే నయమని మళ్ళీ తెరిచాడు.

పడవ పుస్తకం అయిపోయింది. ఇంకోటి కావాలనిపించింది. పళ్ళ డాక్టరుగారు ఇచ్చినవి ఎన్నాళ్ళు సరిపోతాయి? గ్రంథాలయానికి వెళ్ళాడు. అక్కడ కుర్రకారు పుస్తకాలకు వేరే గది, వేరే కార్డు. ఆ గదిలో పుస్తకాలు ఆ కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తారు. బల్ల దగ్గర కూర్చునే ఆవిడ కళ్ళజోడు మెడలోకి జార్చి, "ఎవరికండీ?" అంది.

"మా అమ్మాయికి" అన్నాడు మాస్టారు.

పసుపు దీపం పడితే చాలు, ఆగిపోయే మనిషి. ఎదురుగా చీమ కూడా లేకపోయినా ఇండికేటరు వేసే మనిషి. అలాంటివాడు గుక్క తిప్పుకోకుండా అబద్ధమాడి, కూతురి సొరుగులోంచి తెచ్చిన కార్డు బల్ల మీద పెట్టాడు. కూతురు పరీక్షల చదువులో పడి ఆ కార్డు మొహం చూసి చాలా కాలమైంది. అడిగి తీసుకోవచ్చు కదా అంటే, అడగాలంటే మాట్లాడాలి. ఉప్పందుకో దగ్గర ఆగిపోయిన మాటలు అంత దూరం ఎలా వెళతాయి?

తెచ్చినదాన్ని రోడ్డు నిబంధనల పుస్తకానికున్న ప్లాస్టిక్కు తొడుగులో పెట్టుకుని చదివేవాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు చూసి ముక్కున వేలేసుకున్నారు. ఇన్నేళ్ళు నేర్పాక కూడా ఇంకా నిబంధనలు చదువుతున్నాడంటే ఎంత నిష్ఠ అనుకున్నారు. ఒకాయన ఇంటికెళ్ళి తన కొడుక్కి నీతిబోధ కూడా చేశాడట.

ఆ పుస్తకాల మీద మాస్టారికి చాలా ఫిర్యాదులున్నాయి. అవి వినే దిక్కు పళ్ళ డాక్టరుగారే. ఆవిడ గేరు మార్చడానికి అవస్థ పడుతుంటే ఈయన పక్కన కూర్చుని ఏకరువు పెట్టేవాడు. తల్లిదండ్రులు మొదటి అధ్యాయం దాటి బతికి బట్టకడితే గొప్ప. బతికినవాళ్ళకు వేరే ఊళ్ళో ఏదో పని పడుతుంది. పదహారేళ్ళు వచ్చిన ప్రతి ఒక్కరికీ వర్షంలో గొడుగు లేకుండా నడిచే జబ్బు. ఎవరికీ లైసెన్సు ఉండదు, అందరూ బండి తీస్తారు. సీటు బెల్టు అన్న మాట ఒక్క రచయితా రాసిన పాపాన పోలేదు. ఒక మాట అడిగితే తేలిపోయే అపార్థాన్ని పట్టుకుని రెండు వందల పేజీలు మొహాలు మాడ్చుకుంటారు.

"మరెందుకు చదువుతున్నారు మాస్టారూ?" అంది ఆవిడ ఒకసారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన దగ్గర జవాబు ఉంది, చెప్పడానికి సిగ్గేసింది.

ఆ పుస్తకాల్లో పిల్లల వయసులో ఆయన మేనమామ షెడ్డులో కార్ల కింద పడుకుని ఉండేవాడు. తండ్రి మంచం పట్టాడు, బడి మానిపించారు, మేనమామ పని నేర్పాడు. ఎవరి తప్పూ లేదు. ఆ రోజుల్లో ఆయనకు వర్షమంటే షెడ్డు కారే చోట బకెట్టు పెట్టడం. స్నేహితుడితో మాట్లాడకపోవడం లాంటి ఖరీదైన బాధలు పడే తీరికే దొరకలేదు. పిల్లవాడిగా షెడ్డులోకి వెళ్ళి పెద్దవాడిగా బయటికొచ్చాడు, మధ్యలో ఉండాల్సిన వయసు ఎటు పోయిందో ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. ఇప్పుడు ఈ పుస్తకాల్లో పిల్లలు అడ్డమైన తప్పులూ చేస్తుంటే, చేసి నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, మళ్ళీ లేచి నిలబడుతుంటే ఆయనకు అసూయ కలిగింది. కాగితం మీది పిల్లల మీద అసూయేమిటని తనను తానే తిట్టుకున్నాడు. ఒకరోజు బేకరీ ముందు ఏడ్చాడు కూడా. బేకరీ అతను చూసి, పొగ కళ్ళలో పడిందేమో మాస్టారూ, లోపలికి వచ్చి మొహం కడుక్కోండి అన్నాడు.

ఇంకో మార్పు కూడా వచ్చింది, అది ఆయన గమనించలేదు. చదివేటప్పుడు కాలు కదలడం తగ్గింది. తొక్కి తొక్కి లాభం లేదని దానికి తెలిసొచ్చినట్టుంది. పుస్తకంలో పిల్ల గోడ దూకుతానంటే, దూకు, కాలు జాగ్రత్త అనుకునేవాడు. పేజీ తిప్పేవాడు.

స్కూలు పరీక్షలు అయిపోయాయి. కూతురు చాన్నాళ్ళకు గ్రంథాలయానికి వెళ్ళింది. ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక, నీళ్ళ జగ్గు తండ్రి వైపు జరుపుతూ అడిగింది.

"నాన్నా, నేను చదువుతున్న పుస్తకాలు ఎలా ఉన్నాయి?"

మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కార్డు నిండిపోయింది, ఇంక ఇవ్వం అన్నారు. మీ నాన్నగారు నిన్ననే కదమ్మా తీసుకెళ్ళారు, ఎంత బాగా చదువుతావమ్మా, పరీక్షల్లో కూడా వదల్లేదట కదా అని ఆవిడ నన్ను ఒకటే మెచ్చుకోవడం. చుట్టుపక్కలవాళ్ళంతా నా వైపు చూశారు."

"అది... డాక్టరుగారికని..." అన్నాడు మాస్టారు.

"డాక్టరుగారికట!" అంది భార్య. "నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. స్నానాల గదిలోకి రోడ్డు నిబంధనలు పట్టుకెళ్ళే మగాణ్ణి ఎక్కడైనా చూశావా అమ్మడూ? లోపల ముక్కు చీదుతున్న చప్పుడు. ట్రాఫిక్కు సిగ్నలు గురించి ఎవరేడుస్తారు?"

కూతురు నవ్వలేదు. కానీ భోజనమయ్యాక తండ్రి మంచం పక్కనున్న దొంతరలోంచి ఒకటి లాగింది. డాక్టరుగారు మాస్టారికే ఇచ్చేసిన పడవ పుస్తకం అది. రెండు రోజులు దాంతోనే కనిపించింది. ఆ రెండు రోజులూ మాస్టారు ఆ గుమ్మం ముందు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఎంతవరకు వచ్చావని అడగాలని ఉంది. చివరికి ఆ పిల్లే వంటింట్లోకి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది.

"బాగుంది" అంది.

అంతే, ఆయన ఆగలేకపోయాడు. "బాగుందా? సరే బాగుంది. కానీ ఆ వంతెన దగ్గర ఆగుంటే సరిపోయేదా లేదా? అక్కడ ఆ ముసలాయన రొట్టె పెట్టాడు, పడుకోమన్నాడు, తెల్లారి వెళ్ళమన్నాడు. వింటుందా? వినదు! సరే, వినకపోతేనే కదా సముద్రం చూసింది అనుకో. నేనైనా ఆగేవాణ్ణి కాదు. ఆ వయసులో పడవ చేతికొస్తే ఎవడాగుతాడు? నేనైతే వంతెన దాకా కూడా ఎవరికీ కనపడకుండా..."

చాలాసేపు చెప్పాడు. చేతులు తిప్పుతూ, తెడ్డు వేసి చూపిస్తూ చెప్పాడు. కూతురు బల్లకు ఆనుకుని విన్నది.

"మరి వాళ్ళ నాన్న గురించి ఏమీ అనవే?" అంది.

"ఏ నాన్న?"

"ఆ పిల్ల నాన్న. పడవ వెళ్ళిపోయాక ఒడ్డున పరిగెత్తాడే. రేవు చివరిదాకా అరుచుకుంటూ పరిగెత్తి, ఇంక దారి లేక నిలబడిపోయాడే. రెండు పేజీలు ఉంది."

మాస్టారు నిజంగానే ఆలోచించాడు. తారు గుర్తుంది, చిల్లు గుర్తుంది, రొట్టె పెట్టిన ముసలాయన టోపీ రంగు గుర్తుంది. నాన్న గుర్తులేడు.

"ఉన్నాడా?" అన్నాడు అమాయకంగా.

అప్పుడు నవ్వింది కూతురు. కడుపు పట్టుకుని, బల్ల మీద వాలిపోయి, ఊపిరాడనట్టు నవ్వింది. "ఉన్నాడా అంటాడే! అమ్మా, ఇటు రా, నాన్న నాన్నని చూడలేదట!" పరీక్ష ఫెయిలయినప్పటి నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వది. మాస్టారికి ఎందుకు నవ్వుతోందో సరిగ్గా అర్థం కాలేదు. సంతోషం మాత్రం వేసింది.

ఆ రెండు పేజీలు ఆయన మళ్ళీ తెరిచి చదివాడు. ఉన్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. రేవు చివర నిలబడి ఏదో అరిచాడు, గాలికి వినపడలేదని రాశారు.

మర్నాడు కూతురే ఒక బేరం పెట్టింది. ఎదురు వీధిలో చేరే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి తండ్రి పక్కన కూర్చుని నడుపుతుంది. షరతు ఏమిటంటే, ఆయన రోడ్డు చూడకూడదు.

"చూడకుండా ఎలా కూర్చుంటానే?"

"చదువు. పైకి చదువు. గ్రంథాలయం నుంచి తెచ్చిన కొత్తది ఉందిగా, అది నాకు వినిపించు. కళ్ళు పేజీ మీద ఉంటే కాలు దానంతట అది ఊరుకుంటుంది."

"చట్టప్రకారం..."

"నా కార్డు వాడుకున్నప్పుడు చట్టం ఎక్కడికెళ్ళింది?"

మాస్టారు ఒప్పుకున్నాడు. రోడ్డు మీద మాత్రం కుదరదని పట్టుబట్టాడు, ఆ ఒక్క విషయంలో గెలిచాడు. సెలవురోజు గోదాముల వెనక పెద్ద ఆవరణ ఖాళీగా ఉంటుంది. గోదాముల మధ్య అడ్డదారులు, మూలలు, సరుకు దింపే అరుగులు అన్నీ ఉంటాయి. వాచ్‌మన్‌కు చెప్పి కారు లోపలికి తీసుకెళ్ళారు.

కూతురు స్టీరింగు పట్టుకుంది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాడు. పైకి చదవడం ఆయనకు బడిలో వదిలేసిన విద్య. మొదట్లో ఒక్కో మాటా కూడబలుక్కుని, సాక్షి వాంగ్మూలం చదివినట్టు చదివాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఒక మాట మింగేశాడు. కళ్ళు పేజీ అంచు దాటి బయటికి పోబోతుంటే కూతురు, "నాన్నా" అనేది, మళ్ళీ కిందికి దించేవాడు. కథలో ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకత్తె రెండోదాని రహస్యం నలుగురి ముందూ బయటపెట్టేసింది. ఇప్పుడు వాళ్ళింటి తలుపు ముందు నిలబడి, కొట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. మాస్టారికి ఆ తలుపు తప్ప ఇంకేమీ కనపడలేదు. గొంతు సర్దుకుంది, ఆ పిల్ల గొంతు ఆ పిల్లకూ, వాళ్ళమ్మ గొంతు వాళ్ళమ్మకూ పెట్టి చదువుతున్నాడు. తలుపు తెరుచుకుంది. ఎవరు తెరిచారో చెప్పే వాక్యంలో ఉండగా కారు గట్టిగా కుదుపుతో ఆగింది. ఆయన ముందుకు ఊగాడు, కళ్ళజోడు ఎగిరి అద్దం కింద పడింది.

తలెత్తాడు. మూల తిరిగీ తిరగ్గానే ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక మనిషి తోపుడుబండితో నిలబడి ఉన్నాడు. సెలవురోజు ఇక్కడ కారేమిటన్నట్టు వీళ్ళను చూసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

కూతురి కాలు బ్రేకు మీద ఉంది. మాస్టారు తన కాలు వైపు చూసుకున్నాడు. అది ఎక్కడుందో అక్కడే ఉంది. చెప్పులోంచి సగం బయటికి వచ్చి, వేళ్ళు ముడుచుకుని, కథ వింటున్నట్టు ఉంది.

ఆయనకు ముందు భయం వేసింది. ఆ పిల్ల తొక్కకపోయుంటే? తరవాత గర్వం వచ్చింది. ఆ రెండూ అయ్యాక, ఎవరూ పిలవకుండానే, దిగులు వచ్చింది. తన కాలు లేకపోయినా కారు ఆగింది. ఇన్నాళ్ళూ తనే ఆపుతున్నాననుకున్నాడు. ఇంక ఈ పిల్లకు తన కాలుతో పనిలేదు, రేపు తనతోనూ పని ఉండకపోవచ్చు.

"తలుపు ఎవరు తీశారు?" అంది కూతురు. ఇంకా ఆయాసపడుతోంది.

"ఏంటి?"

"తలుపు నాన్నా. చదువు."

ఆయన కళ్ళజోడు తీసుకుని తుడుచుకున్నాడు. పేజీ వెతుక్కుని చదివాడు. చెల్లెలు తీసింది. మళ్ళీ బండి కదిలింది.

కూతురు ఎదురు వీధిలో చేరకుండానే మూడోసారి పరీక్షకు వెళ్ళింది, మాస్టారు ఆఫీసు గేటు దాకానే వెళ్ళాడు. ఆయన కారే, కానీ పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చదువుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాడు గానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. లోపలి నుంచి ఏదో డబ్బాకు తగిలిన చప్పుడు, ఎవరిదో కేక.

కారు గేటు దగ్గరకు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి, మాస్టారి వైపు తల ఊపి, లోపలికి వెళ్ళిపోయాడు. కూతురు కిటికీలోంచి తల బయట పెట్టింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఫెయిలు" అంది.

"బ్రేకేనా?"

"కాదు. వినూ. ఒక పిల్లాడు బంతి వెనక వచ్చాడు, ఆపాను. సిగ్నలు దగ్గర ఆపాను. అన్నిచోట్లా నేనే ఆపాను నాన్నా, ఆయన కాలు కదపలేదు. చివర్లో రివర్సు. వెనక్కి సరిగ్గా చూసుకోలేదు. గుర్తుగా పెట్టిన డ్రమ్ము గుద్దేశాను. అప్పుడు కూడా ఆయన తొక్కలేదు. నేనే గుద్దాను, నేనే ఆపాను." మాట మాటకీ గొంతు పెరుగుతోంది. "రెండుసార్లూ నువ్వు ఫెయిలయ్యావు. ఈసారి నేను ఫెయిలయ్యాను!"

ఆ మాటకు ఒకప్పుడైతే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు ఆయన గోడ దగ్గరే నిలబడి ఆ పిల్ల మొహం చూశాడు. ఓడిపోయి వచ్చిన మొహంలా లేదు. ఆ మొహాన్ని ఆయన ఈ మధ్య చాలాసార్లు చదివాడు, ఎప్పుడూ చూడలేదు. తనకు దొరకని వయసు కిటికీలోంచి తల బయట పెట్టి తనతో మాట్లాడుతోంది. ఈసారి ఆయనకు అసూయ కలగలేదు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమైంది?"

"ఫెయిలయింది" అన్నాడు.

"మరి ఆ గొంతేమిటి, లాటరీ తగిలినట్టు?"

"ఇంటికొచ్చి చెబుతాను."

కారు వెనక్కి వెళ్ళి చూశాడు. బంపరు ఒక పక్క లోపలికి పోయింది, రంగు లేచిపోయింది. ఇన్నేళ్ళలో ఆ కారుకు పడ్డ మొదటి దెబ్బ. వేలితో తడిమాడు.

"ఎదురు వీధిలో ఎప్పుడు చేరుతున్నావు?" అన్నాడు, అటే చూస్తూ.

"ఎందుకూ? ఆయనకి రివర్సు నేర్పడం రాదట, అందరూ అంటున్నారు." కూతురు వంగి, పక్క సీటు తలుపు లోపలి నుంచి తీసింది. "రేపు పొద్దున్నే మొదలెడదాం. పుస్తకం ఇంట్లో వదిలిపెట్టి రా. ఈసారి నువ్వు వెనక్కి చూడాలి."

మాస్టారు ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"డ్రమ్ము ఎంత సొట్టపోయింది?"

"చాలా" అంది కూతురు, గర్వంగా.